తలుపు సందులో దొంగ

ఆ బుధవారం ఉదయం చెకింగు గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. షెడ్డులోకి వెళ్ళడం, పాత పికప్ బండి ఎడమ తలుపు ఒకసారి తీసి వెయ్యడం, ‘టక్’మనే చప్పుడు విని మురిసిపోవడం, వచ్చి కాఫీ తాగడం. ముందురోజే బోల్టులు బిగించి, తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా తెచ్చారు. ఆ సందు కొలవడానికి ఆయనకో సొంత పద్ధతి ఉంది. పాత బస్సు టికెట్లను చిన్న కట్టగా కట్టి, సందులో దూర్చి కిందికి లాగాలి. ఎక్కడా ఇరుక్కోకూడదు, ఎక్కడా జారిపోకూడదు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి కనక ఇంట్లో టికెట్లకు కరువు లేదు. అనుమానాలకు అసలే లేదు. చిల్లర లేదని టికెట్టు తీసుకోని సొంత భార్యకే నిండు బస్సులో జరిమానా రాసిన ఘనుడాయన. వీధి వీధంతా ఆయన్ని చెకింగు గారనే పిలుస్తుంది.

బండి మామగారిది. ఆయన పోయాక మూలనపడి తుప్పుపట్టింది. దాని కోసం అల్లుడూ కొడుకూ పోట్లాడుకుంటుంటే అత్తగారు విసిగిపోయి తీర్పు చెప్పేసింది.

“ఆదివారం నన్ను ఎక్కించుకుని మార్కెట్టు దాకా తిప్పుకొస్తే బండి అల్లుడిది. లేదంటే నా కొడుకుది. ఇంక నా చెవులు తినకండి.”

ఆ కొడుకు, అంటే చెకింగు గారి బావమరిది, టైర్ల షాపు నడుపుతాడు. బండి తనకొస్తే సగానికి కోసి, షాపు ముందు బోర్డులా నిలబెడతానని పకపకా నవ్వుతూ చెప్పాడు. ఏడాది పాటు ఒళ్ళు హూనం చేసుకుని ఆ తుప్పంతా గీకిన మనిషికి ఆ నవ్వు గుండెల్లో గునపం దిగినట్టయింది.

అలాంటి బావమరిది మంగళవారం సాయంత్రం షెడ్డుకొచ్చి, బండి చుట్టూ తిరిగి, వంగి వంగి కింద ఏదో చూసి, “బ్రహ్మాండంగా ఉంది బావా!” అన్నాడు. పెళ్ళయిన నాటినుంచి ఒక్క మంచి మాట అనని మనిషి మెచ్చుకున్నాడంటే ఊరికే మెచ్చుకుంటాడా? బండి ఎత్తుకుపోవడానికే చూస్తున్నాడని చెకింగు గారు తేల్చేశారు. వెంటనే వెనక ఎడమ చక్రం ఊడదీసి మంచం కింద దాచారు. చక్రం ఉండాల్సిన చోట జాకీ పెట్టి, ఎవరూ తొయ్యలేనంత ఎత్తుకు లేపారు. ఆ తర్వాతే అన్నం సహించింది.

బుధవారం ఉదయం తలుపు వేస్తే ‘టక్’ లేదు. ‘కర్ర్’మంది. పైన టికెట్ల కట్ట జారి కిందపడింది, కింద గోరు కూడా దూరలేదు.

“ఎవరో చెయ్యి పెట్టారు!” అని వంటింట్లోకి పరుగెత్తారు.

“షెడ్డు తాళంచెవి మీ మొలకే ఉందిగా?” అంది భార్య.

“దొంగ తాళంచెవి చేయించాడేమో.”

“తాళం తీసి లోపలికొచ్చి, బోల్టు వదులుచేసి, మళ్ళీ తాళం వేసి వెళ్ళాడా? ఏం మర్యాదస్తుడండీ!”

ఆ వెటకారం చెకింగు గారికి నచ్చలేదు. వెటకారం చేసేవాళ్ళ దగ్గర టికెట్టు ఉండదని ఆయన అనుభవం. బండిని జాకీ మీదే ఉంచి, మధ్యాహ్నం దాకా కుస్తీపట్టి సందు సరిచేశారు. సాయంత్రం మరో అనుమానం పుట్టింది. ఎడమ చక్రం లేదని దొంగకు తెలిసిపోయింది, ఇంకో చక్రం తెచ్చి బిగించేస్తే? అందుకని ఎడమ చక్రం పెట్టేసి, కుడి చక్రం పీకి, జాకీని అటువైపుకు మార్చి ఇంకాస్త ఎత్తు లేపారు.

గురువారం చూస్తే సందు తిరగబడింది. ఈసారి పైన బిగుతు, కింద వదులు.

“చూశావా, వాడి పగ! నిన్న చేసిందానికి సరిగ్గా ఎదురు చేశాడు!”

మళ్ళీ బోల్టులు, మళ్ళీ టికెట్ల కట్ట. ఆ సాయంత్రం దొంగ అడుగుజాడల కోసం షెడ్డు నేలంతా మైదాపిండి చల్లారు. పిండి చూసి భార్య లబోదిబోమంది. చెకింగు గారు తన చెప్పుల్ని కూడా దొంగ ఎత్తుకుపోతాడేమోనని బీరువాలో పెట్టి తాళం వేశారు. బండి కుదురుగా ఉందో లేదోనని, పడుకోబోయే ముందు జాకీని చిటికెడు పైకెత్తి వచ్చారు.

శుక్రవారం తలుపు మళ్ళీ పక్కకు పోయింది. కానీ ఈసారి సాక్ష్యం దొరికింది. పిండిలో ఆడవాళ్ళ చెప్పుల జాడలు! చెకింగు గారు నేరుగా భార్య దగ్గరికి నడిచారు. ఎంతైనా బావమరిదికి తోబుట్టువు కదా.

“ఇవి ఎవరి చెప్పులు?” అని అచ్చం బస్సులో నిలదీసినట్టే అడిగారు.

“నావే.”

“ఒప్పుకున్నావన్నమాట!”

“చెప్పులు నావి. కాళ్ళు మీవి. మీ జోళ్ళు బీరువాలో దాచి, నిన్నట్నుంచి నావి తొడుక్కుని తిరుగుతున్నది మీరు కాదూ?”

కిందికి చూసుకుంటే నిజమే. వేళ్ళు సగం బయటే ఉన్నాయి. భార్య ఆ పూట పళ్ళెం ఎదురుగా ‘టక్’మని పెట్టింది.

ఆదివారం అత్తగారు కొత్త చీర కట్టుకుని వచ్చింది. చెకింగు గారు పొద్దున్నే లేచి సందు ఆఖరిసారి సరిచేసి ఉంచారు. ఆవిడ ఎక్కి కూర్చోగానే తలుపు వేశారు. ‘టక్!’

అత్తగారి కళ్ళు చెమర్చాయి. “అచ్చం మీ మామగారు వేసినట్టే ఉంది నాయనా.”

చెకింగు గారు గబగబా మంచం కింద దాచిన కుడి చక్రం తెచ్చి బిగించి, జాకీ దించారు. బండి ఒళ్ళంతా కిర్రుమంది.

“అయ్యో, కళ్ళజోడు మర్చిపోయాను. తలుపు తియ్యి అల్లుడూ.”

తలుపు రాలేదు. గుంజారు, తన్నారు, బతిమాలారు. ఊహూఁ.

“మోకాళ్ళ నొప్పులు నాయనా, ఆ గేరు రాడ్డు దాటి డ్రైవరు వైపు రాలేను,” అంది అత్తగారు భయంగా.

సరిగ్గా అప్పుడే బావమరిది గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

“దొరికాడు దొంగ! ఎందుకురా నా తలుపు పాడుచేశావు? మంగళవారం వంగి వంగి చూసింది ఇందుకేగా?” అని చెకింగు గారు అతని చొక్కా పట్టుకున్నారు.

బావమరిది ముఖం మాడిపోయింది. “టైరు మీద సైజు నంబరు చూశాను బావా. అరిగి గుండైపోయిన టైర్ల మీద మా అమ్మను మార్కెట్టుకు పంపనా? కొత్తవి తెచ్చాను, బయట ఆటోలో ఉన్నాయి.”

“బండి కోస్తానన్నావుగా?”

“ఏడిపించడానికన్నాను. నాన్న బండి ఎవడైనా కోస్తాడా?”

చెకింగు గారి చెయ్యి చొక్కా మీదనుంచి దానంతటదే జారింది. బావమరిది టైరు మార్చడానికి జాకీ పెట్టి బండిని వెనక కుడివైపు పైకెత్తాడు. లోపల అత్తగారు ఆనుకునే ఉన్న తలుపు హాయిగా తెరుచుకుంది. టైరు మార్చి దించాడు. తలుపు వేస్తే కర్ర్. మళ్ళీ ఎత్తాడు. టక్. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

“వెనక ఒకవైపు ఎత్తితే బండి మెలి తిరుగుతోంది, తలుపు పక్కకు పోతోంది,” అంది అత్తగారు నెమ్మదిగా. “ఇంతకీ రోజూ దీన్ని ఎత్తి పెట్టిందెవరు?”

భార్య మొగుడి కాళ్ళకున్న తన చెప్పులకేసి చూసింది.

“బండి మీ అబ్బాయిదే అత్తయ్యా. తలుపే సరిగ్గా పడలేదు, నేను ఓడిపోయాను,” అన్నారు చెకింగు గారు తలదించుకుని. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చినంత పనైంది.

“తలుపు సంగతి నేనెప్పుడన్నాను? ఎక్కించుకుని తిప్పమన్నాను. ఎక్కాను. తిప్పు! దిగేటప్పటి సంగతి దిగేటప్పుడు. ఒరేయ్ అబ్బాయ్, ఆ జాకీ పట్టుకుని నువ్వూ వెనక ఎక్కు.”

మిగతా టైర్లూ మార్చుకుని మార్కెట్టు దాకా వెళ్ళొచ్చారు. వీధి చివరిదాకా అత్తగారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. తిరిగొచ్చాక బావమరిది జాకీతో బండి ఎత్తి తల్లిని దింపి, బండి తాళాలు తీసి బావ చేతిలో పెట్టి వెళ్ళాడు.

“ఇంతకీ దొంగ దొరికినట్టేనా?” అంది భార్య, తన చెప్పులు తాను తొడుక్కుంటూ.

“దొరికాడు.”

సొంత పెళ్ళానికే జరిమానా రాసిన ఆ మనిషి, ఈ ఒక్క దొంగను మాత్రం మందలించి వదిలేశారు.