ఆయుధపూజకు ఆపిన మెషీను

ఆలియాస్‌గా మారడానికి వెళ్తున్న చెల్లెలు నూకరత్నం కోసం వరాలమ్మ సంచి సర్దింది. మూడు చీరలు, నువ్వుల చిమ్మిలి డబ్బా, దువ్వెన, పైన శాలువా.

"ఒక్క అక్షరానికి మూడు చీరలేటే అక్కా?" అని నవ్వింది నూకరత్నం.

"అక్షరానికైతే చలెయ్యదేటి? నోర్మూసుకుని పట్టికెళ్లు."

కుళాయి ఫిర్యాదుల ఆఫీసులో కుర్చీలు చాలక ఉద్యోగులను కంప్యూటర్‌లోకి తీసుకోవడం మామూలే. పర్మనెంటు వాళ్లు ఫంక్షన్లవుతారు. ఫంక్షన్ చేతికి ఏ వీధి పేరు ఇస్తే ఆ వీధి పని చూసుకొస్తుంది. కాంట్రాక్టు వాళ్లు ఆలియాస్‌లవుతారు. ఆలియాస్ అంటే పొడుగాటి ఆజ్ఞకు పెట్టిన పొట్టి పేరు. ఆపరేటరు ఉమాపతి 'నూ' అని కొడితే చాలు, పాత ఫిర్యాదులు తీసి, తేదీలవారీగా పేర్చి, మేడ మీది ప్రింటరుకు పంపమనే వాక్యమంతా నూకరత్నమై నడిచొస్తుంది. ఆజ్ఞ కొట్టే వరసలో మొదట నిలబడితేనే ఆలియాస్‌ను గుర్తిస్తారు. రెండో చోట నిలబడితే ఉత్త అక్షరమే. రేషన్ షాపు దగ్గర ముందు నిలబడే అలవాటున్న నూకరత్నానికి ఇది కష్టమనిపించలేదు.

చిక్కల్లా ఒక్కటే. ఆలియాస్ మెషీను నడుస్తున్నంతసేపే బతుకుతుంది. ఆపి మళ్లీ నడిపినా ఉండాలంటే, మెషీను లేవగానే చదువుకునే ఫైల్లో ఆ పేరు రాయాలి. ఫంక్షన్లను చేరిన రోజే రాస్తారు.

ఆదివారం కూడా ఆఫీసుకు సెలవు లేదు. ప్రతి ఆదివారం వరాలమ్మ చెల్లెల్ని చూడ్డానికి వచ్చేది. ఉమాపతి 'నూ' కొట్టేవాడు. చెల్లెలు వచ్చి, పని ముగించి, అక్క తెచ్చింది తిని వెళ్లేది.

"మా పిల్ల పేరు ఆ ఫైల్లో రాసెయ్యి బాబూ," అని వరాలమ్మ వచ్చినప్పుడల్లా అడిగేది.

"రాస్తానమ్మా. పైనుంచి సంతకం రావాలి. అయినా ఈ మెషీన్ని ఎవడాపుతాడు? కరెంటు పోయినా ఆగదిది."

అతను అన్నది నిజమే. కరెంటు పోయినప్పుడు మెషీను ఆగలేదు. ఆయుధపూజకు ఆపారు. పనిముట్టుకు ఆ పూట విశ్రాంతి ఇవ్వాలి కదా. శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, మీట నొక్కమని ఉమాపతికే చెప్పారు. తర్వాత అందరికీ పులిహోర పంచారు. బాగుందన్నారు.

మర్నాడు ఫంక్షన్లన్నీ యథాప్రకారం హాజరయ్యాయి. 'నూ' అని కొడితే, అటువంటి ఆజ్ఞ లేదని తెర మీద వచ్చింది. సంచి మాత్రం బల్ల కింద అలాగే ఉంది. పని ఆగకూడదు కనుక మధ్యాహ్నానికల్లా ఆ అక్షరాన్ని, దాంతోపాటు సంచిని, మరో ఆవిడకు ఇచ్చారు.

ఆదివారం వరాలమ్మ వచ్చింది. ఉమాపతి 'నూ' కొట్టాడు. కొత్తావిడ నూకరత్నం శాలువా కప్పుకుని వచ్చి, "కూకో అక్కా," అంది మర్యాదగా.

వరాలమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"ఈ పిల్ల పేరైనా ఫైల్లో రాసినావా బాబూ?"

"రాస్తానమ్మా. సంతకం రావాలి."

వరాలమ్మ తను తెచ్చిన చిమ్మిలి డబ్బా మూత తీసి కొత్తావిడ ముందుకు జరిపింది. ఆమె రెండు ఉండలు తిని, బాగున్నాయంది. వరాలమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం వెళ్తుంది. నూకరత్నం ఆయుధపూజ నాటి నుంచి తిరిగి రాలేదు.