గైడుగారి అనుమతితో కామెర్లు

మనిషికి జబ్బు చేయడం ప్రకృతి ధర్మం. తగ్గడం మాత్రం విశ్వవిద్యాలయ నిబంధనలకు లోబడి జరగాలి.

ఈ సంగతి తెలియని ఒక పరిశోధక విద్యార్థిని, థీసిస్ చివరి అధ్యాయంలో ఉండగా కామెర్లు తెచ్చుకుంది. (అధ్యాయం ముగించి తెచ్చుకుని ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.) హాస్టల్ నీళ్లే కారణమన్నాడు డాక్టరు. నీళ్లకు అలాంటి ఉద్దేశం లేదని వార్డెన్ ఖండించింది. ఎవరైనా అయినవాళ్ల ఇంటికి వెళ్లి పథ్యం చేస్తూ పడుకోమన్నాడు డాక్టరు. అయినవాళ్లంటే పక్క ఊళ్లో అక్క ఉంది. కానీ ఊరు దాటాలంటే గైడుగారి అనుమతి కావాలి.

ఆయన గదికి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. (లిఫ్టు ఆచార్యులకే. విద్యార్థులకు కాళ్లున్నాయని పాలకమండలి ఏనాడో తేల్చింది.)

"కామెర్లని ఎవరన్నారు?" గైడుగారు తలెత్తకుండానే అడిగారు.

"డాక్టరుగారు, సార్."

"ఒక్కడేనా? ఒక్కడి మాట పట్టుకుని నిర్ధారణకు వచ్చేస్తావా? ఇన్నేళ్లూ నేను నేర్పింది ఇదేనా?"

"కళ్లు పచ్చబడ్డాయి సార్. అద్దంలో చూసుకున్నాను."

"కామెర్లవాళ్లకి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందమ్మా. నీ కళ్లని నీ కళ్లతోనే చూసుకున్నావు. ఆ సాక్ష్యం చెల్లదు."

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అయినా అక్క ఇంట్లోనే ఎందుకు తగ్గాలి? ఇక్కడ తగ్గదా?"

"మెస్‌లో అన్నీ నూనెలో తేలుతుంటాయి సార్."

"అది నీ ఊహ. కొన్నాళ్లు తిని చూడు. తేడా వస్తే అప్పుడు మాట్లాడదాం."

తిన్నది. తేడా వచ్చింది. మళ్లీ చెప్పుకోవడానికి వెళ్తూ మెట్ల మధ్యలోనే కూలబడింది. అటెండరు అక్కకు ఫోన్ చేశాడు.

అక్క బట్టలు కుడుతుంది. కొలతల టేపు మెడలో ఉండగానే వచ్చేసి, తలుపు తట్టకుండా గైడుగారి గదిలోకి నడిచింది. (విభాగ చరిత్రలో ఇదే మొదటిసారి.)

"మా చెల్లిని తీసుకెళ్తున్నాను సార్."

"అనుమతి ఇంకా పరిశీలనలో ఉందమ్మా."

"ఉండనివ్వండి సార్, అనుమతికేం, ఒంట్లో బాగానే ఉంది. బాగోలేనిది మా పిల్లకే."

ఇలాంటి వాదనకు జవాబు నిబంధనల్లో లేదు. (ఈ లోపం సరిదిద్దడానికి తరువాత ఉపసంఘం వేశారు.)

అక్క ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు వింటూ రోజులకు రోజులు నిద్రపోయింది. ఒకసారి దొంగచాటుగా లాప్‌టాప్ తెరిస్తే, "మూస్తావా, మిషన్ కింద పెట్టి కుట్టెయ్యనా?" అంది అక్క. ఒక ఉదయం లేస్తూనే ఆకలేసింది. ఆకలేసినందుకు కాసేపు ఏడ్చి, రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నది.

కళ్లు తెల్లబడ్డాక తిరిగి వచ్చింది. ఆ వారమే జరిగిన విభాగ సమావేశంలో గైడుగారు లేచి, గొంతు సవరించుకున్నారు.

"నా పర్యవేక్షణలో మేం కామెర్ల నుంచి విజయవంతంగా కోలుకున్నామని తెలపడానికి సంతోషిస్తున్నాను."

హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఆమే. థీసిస్ మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.