జాషువా పలకడం లేదు

సోమవారం డ్యూటీలో చేరాలని హన్నా నిర్ణయించుకుంది. సెలవు ఇక పొడిగించేది లేదని ఆసుపత్రి మేట్రన్ చెప్పేసింది. భర్త ఆరోన్‌కి రైల్వే వర్క్‌షాపులో పగటి షిఫ్టు. నాలుగేళ్ల జాషువాను పగలు చూసుకోవడానికి పక్కింటి మాలతి ఒప్పుకుంది. మాలతిది తెనాలి. భర్త ఊరి చివర ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ అకౌంటెంటు. వాళ్ళు రాయపూర్ వచ్చి నెల కాలేదు. శనివారం పొద్దున పిల్లవాణ్ని ఆమె దగ్గర ఒక గంట వదిలి, బజారుకు వెళ్ళి రావాలి. వాడికి అలవాటవుతుంది. హన్నా పథకం అంతే.

కూరల సంచితో తిరిగొచ్చేసరికి మాలతి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"హన్నా, ఏమీ అనుకోవద్దు. మీ వాడికి చెవులు వినపడతాయా?"

"అదేటక్కా! పక్క గదిలో బిస్కట్ ప్యాకెట్ ఇప్పితే వచ్చేస్తాడు."

"గంట నుంచీ అడుగుతున్నానమ్మా. పాలు తాగుతావా నాన్నా అంటే నవ్వుతాడు. పేరడిగితే చూస్తాడు. పాట పాడితే చప్పట్లు కొట్టాడు. నోరు మాత్రం విప్పలేదు. ఇప్పుడేమో సోఫా దిండ్ల కింద ఏదో వెతుకుతున్నాడు."

హన్నా గుమ్మంలోంచే కేకేసింది. "ఒరే జాషువా! బేగి రా!"

"వస్తన్నానే అమ్మా, రుకో!" అంటూ జాషువా పరుగెత్తుకొచ్చాడు.

"మరి నాకు పలకడేం?" అంది మాలతి. వంగి, "ఏం వెతుకుతున్నావు నాన్నా?" అని అడిగింది. జాషువా ఆమెకేసి చూశాడు. పలకలేదు.

"ఒక చెవి పనిచెయ్యట్లేదేమో," అని ఆమె రెండో వైపుకి వెళ్ళి అడిగింది. తర్వాత వెనక నుంచి అడిగింది.

మేడ మీది చిన్నమ్మ అప్పుడే మెట్లు దిగుతోంది. చర్చిలో స్త్రీల సమాజం నడిపేది ఆవిడే. "అయ్యో, గుంటడికి మాట పడిపోనాదేటి!" అంటూ మెట్ల మీదే ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే ఆరోన్‌కి ఫోన్ చేసింది. ఆరోన్ పర్మిషన్ పెట్టి, ఆటో తీసుకుని వచ్చాడు.

"ఏటైంది నా కొడుక్కి?"

"ఏటీ కాలేదు," అంది హన్నా.

"మరి ఆటో ఎందుకు తెచ్చినాను?"

"తెచ్చినావు కదా, పద. తేల్చేసుకుందాం."

పిల్లవాడి మీద అనుమానం ఉంటే మాలతి వాణ్ని పెట్టుకోదు. మాలతి లేకపోతే సోమవారం లేదు. హన్నా అందర్నీ ఆటో ఎక్కించింది.

చెవుల డాక్టరు హిందీలో పేరడిగాడు. జాషువా తన పేరు, తండ్రి పేరు, అడక్కపోయినా ఆటోవాలా పేరు కూడా చెప్పాడు. చెవులు బాగున్నాయన్నాడు డాక్టరు. మరి ఈ ఆంటీతో ఎందుకు మాట్లాడవని అడిగాడు.

"వో తో టీవీ వాలీ ఆంటీ హై," అన్నాడు జాషువా. "ఉన్‌కో సునాయీ నహీ దేతా."

టీవీలో వాళ్ళకి మనం చెప్పేది వినబడదని వాడు ఎప్పుడో తేల్చుకున్నాడు. ఇంట్లోనూ చర్చిలోనూ వాడు విన్న తెలుగంతా పలాస వైపు యాసే. మాలతిలా మాట్లాడే మనుషులు వాడికి టీవీలోనే తెలుసు. దిండ్ల కింద వెతికింది రిమోట్ కోసం.

"పోనీ నేనే మీలాగా మాట్లాడనా?" అంది మాలతి. "'ఏటి', 'ఎలగ' అనమంటే అంటాను."

"వద్దక్కా. వాడే తెలుసుకుంటాడు." హన్నా మాలతినీ జాషువానీ బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఆంటీకి వినబడతాదిరా. ఏదేనా చెప్పి చూడు."

జాషువా ఆలోచించాడు. "చెయ్యెత్తు."

మాలతి చెయ్యెత్తింది.

"రెండోది."

రెండోదీ ఎత్తింది.

"నిల్చో."

మాలతి నిలబడింది. పేర్లు పిలుస్తున్న కాంపౌండరు అది చూసి, తను పిలిచిన పేషెంటు ఆమే అనుకుని, "ఆప్ హైఁ? చలియే," అని ఆమెను లోపలికి తీసుకెళ్ళాడు. ఆమె తన హిందీ కూడదీసుకునేలోగా డాక్టరు ఆమె చెవిలో లైటు వేశాడు.

ఆమె బయటికి రాగానే జాషువా లేచి నిలబడ్డాడు. "సూది గుచ్చినారేటి, ఆంటీ?"

"లేదు నాన్నా."

జవాబు వచ్చింది. జాషువా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇల్లు చేరేదాకా ఆపలేదు.

సోమవారం హన్నా డ్యూటీలో చేరింది. మధ్యాహ్నం వార్డుకి మాలతి ఫోన్ చేసింది.

"వీడు అన్నం తినట్లేదమ్మా. సీరియల్లో కోడల్ని నేనెందుకు కొట్టానో చెప్పాలంట. తప్పయిపోయిందంటేనే ముద్ద ముడతాడంట."

"మీరేటన్నారు?"

"కొట్టింది నేను కాదన్నా. కొట్టినవాళ్ళందరూ అలాగే అంటారంట."

"అనెయ్యండక్కా. నాకు ఇంజెక్షన్ల టైమవుతోంది."

మాలతి తప్పయిపోయిందంది. జాషువా తిన్నాడు.

ఆ సాయంత్రం సీరియల్లో కోడలు మళ్ళీ దెబ్బలు తింది. మంగళవారం మాలతి తలుపు తీసేముందే సంజాయిషీ సిద్ధం చేసుకుంది.