పచ్చచుక్క ఉంటే పిల్ల క్షేమం

కన్నపిల్లలతో మాట్లాడవలసిన అవసరం తల్లిదండ్రులకు ఇక తీరిపోయింది! ఈ శుభవార్త మీ చెవిన వేస్తున్నది నేనే కాబట్టి, ధన్యవాదాలు కూడా నాకే చెప్పండి.

నేను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్ని. ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో మా ఆవిడ కృష్ణకుమారితో, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఇషితతో ఉంటున్నాను. కిందటేడు, అంటే రెండువేల ఆరులో, మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. దాని వెంటే ఇంటర్నెట్ వచ్చింది. దాని వెంటే నాకు భయం పట్టుకుంది. చాటింగులో ఎవడో ఏ పిల్లనో మోసం చేశాడని పేపర్లో రోజూ చదువుతున్నాం కదా?

మరి నేనేం చెయ్యాలి? పిల్ల పక్కన కూర్చోవాలా? కూర్చుని ఏం మాట్లాడాలి? మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలో చెబుతుంది; నన్ను పిలిచేది కూడా నాన్నా అని కాదు, ‘పాపా’ అని. నాకున్న హిందీ కాస్తా ఆఫీసులోనే ఖర్చయిపోతుంది.

నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే శేషగిరి మా ఆవిడకు పెదనాన్న కొడుకు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి నా బెంగ విన్నాడు. “దానికేముంది బావగారూ, ఒక సాఫ్ట్‌వేర్ వేసేస్తాను. పాప ఏం టైప్ చేసినా మీ మెయిల్‌కి రిపోర్ట్ వచ్చేస్తుంది” అన్నాడు. పెరుగన్నంలోకి వచ్చేలోపు వేసేశాడు కూడా.

రిపోర్ట్! ఆ మాట వింటే ప్రభుత్వోద్యోగి ఒళ్లు పులకరించదా?

మర్నాటి నుంచి ఉదయం పదకొండింటికి, ఆఫీసులో టీ వచ్చే వేళకి, మా అమ్మాయి నిన్నటి జీవితం నా బల్ల మీదికి వచ్చేది. పైన ఒక గుండ్రటి చుక్క. పచ్చగా ఉంటే పిల్ల క్షేమం. ఎర్రగా ఉంటే ప్రమాదం, పక్కనే ఆ ప్రమాదకరమైన మాట. కింద ఇరవై ముప్ఫై పేజీల వివరాలుండేవి. వాటి జోలికి నేను పోలేదు. కింది పేజీలన్నీ చదివి సంతకం పెట్టే అధికారిని మీరెక్కడైనా చూశారా? ప్రింటు తీసి, ‘చూడడమైనది’ అని రాసి, ఫైల్లో పెట్టేవాణ్ని.

ఎర్రచుక్క వచ్చిన రోజు మాత్రం ఊరుకునేవాణ్ని కాదు. ఒకసారి ‘బాంబు’ అని వచ్చింది. సాయంత్రం పిల్లను నిలబెట్టి విచారణ జరిపాను. హిరోషిమా మీద స్కూలు ప్రాజెక్టట. ఇంకోసారి ‘షాట్’ అని వచ్చింది. స్కూలు ఆటల పోటీల్లో షాట్‌పుట్‌కి పేరిచ్చిందట. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. చూశారా, సాఫ్ట్‌వేర్ లేకపోతే నా కూతురు ఇనపగుండు విసురుతుందని నాకెలా తెలిసేది?

ఉద్యోగులం నెలకింతని కట్టి ఆఫీసుకు వెళ్లొచ్చే చార్టర్డ్ బస్సులో నా పక్క సీటు వెంకటసుబ్బయ్యగారికి కూడా దీని మహిమ చెప్పాను. ఆయనా వేయించుకున్నారు. రోజూ సాయంత్రం ‘మీది పచ్చేనా?’ ‘పచ్చే’ అనుకుని ఇద్దరం హాయిగా కునుకు తీసేవాళ్లం.

ఒక శుక్రవారం ఎర్రచుక్క వచ్చింది. పక్కన ‘నైఫ్’ అని ఉంది, అంటే కత్తి. సమయం గురువారం ఉదయం పదకొండు. ఆ వేళకి ఇషిత స్కూల్లో ఉంటుంది. మరి నా ఇంట్లో కత్తి కోసం వెతికిందెవరు? జీవితంలో మొదటిసారి లోపలి పేజీలు తిరగేశాను. మా ఆవిడేనని తేలింది. పనసకాయ కోయడానికి ఎలాంటి కత్తి కావాలో చూసిందట. ఊపిరి పీల్చుకుని, చెయ్యి ఆగక, వెనకటి రోజుల రిపోర్టులు కూడా తిప్పాను.

మంగళవారం, పచ్చచుక్క. పదిహేనో పేజీలో, ఏదైనా వెతకడానికి టైప్ చేసే చోట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనబడింది. ‘పాపా, చాట్‌లో ఒకడు రోజూ నా ఫోటో అడుగుతున్నాడు. వయసు పదిహేడు అంటాడు. నాకు కాదు అనిపిస్తుంది. మీరు చూస్తే చెప్పండి.’

బుధవారం, పచ్చచుక్క. ‘పాపా, చూశారా?’

గురువారం ఇషిత ఏమీ రాయలేదు.

సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టకండి. దానికి తెలుగు రాదు.

హాఫ్ డే లీవు రాసిచ్చి, ఆటో ఎక్కి ఇంటికి వెళ్లాను. ఇషిత అప్పుడే స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. వాడెవడని అడిగాను. బుధవారం సాయంత్రమే అమ్మకు చెప్పేశానంది. అమ్మ రొట్టెల పిండి చేత్తోనే వచ్చి పక్కన కూర్చుందట. వాణ్ని బ్లాక్ చేయించి, వాడు రాసినవన్నీ దాచిపెట్టించి, మర్నాడు స్కూలుకు వెళ్లి టీచరుతో మాట్లాడిందట. తీరా చూస్తే వాడు ఇషిత క్లాసులో మరో ఇద్దరు పిల్లలనూ ఫోటో అడుగుతున్నాడట.

ఇంత జరిగితే నాకెందుకు చెప్పలేదని మా ఆవిడ మీద లేచాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది. బుధవారం రాత్రి భోజనాల దగ్గరే చెప్పిందట. ‘రిపోర్టు పచ్చగానే ఉంది, కంగారు పడకు’ అని నేను పప్పు వడ్డించుకున్నానట.

“నాకే ఎదురుగా చెప్పొచ్చుగా అమ్మా?” అన్నాను ఇషితతో.

“ఘర్ మే తో ఆప్ సున్‌తే నహీ, పాపా” అంది. ఇంట్లో నేనసలు వినిపించుకోననట. కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఉన్న సంగతి రెండో రోజే కనిపెట్టిందట. రిపోర్టయితే తప్పక చదువుతాననుకుందట.

“మరి తెలుగులో ఎందుకు రాశావు?”

మాటలు కూడబలుక్కుంటూ తెలుగులోనే చెప్పింది. “తెలుగు అయితే మీరు ఆగి చదువుతారు అనుకున్నాను.”

ఆ ఆదివారం శేషగిరిని పిలిచి సాఫ్ట్‌వేర్ తీయించేశాను. ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట మా అమ్మాయి పక్కన కుర్చీ వేసుకు కూర్చుంటున్నాను. ఎంత ఇబ్బందో చెప్పలేను! ఆమె స్నేహితుల పేర్లు గుర్తుపెట్టుకోవాలి. చెప్పేది చివరిదాకా వినాలి. ఫలానా మాట హిందీలో అర్థం కాలేదని ఒప్పుకోవాలి. పైగా ఎదురు ప్రశ్నలు కూడా వేస్తోంది. ఆఫీసులో రోజంతా ఏం చేస్తారని నిన్న అడిగింది. ‘చూడడమైనది’ అని రాస్తానని చెప్పాను.

తల్లిదండ్రులారా, ఇంత అవస్థ మీకెందుకు? మీరు ఆ సాఫ్ట్‌వేరే వేయించుకోండి.