వరిబువ్వ డాక్టరు

మా అత్త రామాంజినమ్మ వసారాలో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. ఎదురుగా చెంబుకు ఆనించిన ఫోనులో ఎవరో కొర్రల గొప్పతనం చెబుతున్నారు. చేట ఎగిరినప్పుడల్లా అత్త తల కూడా ఊగుతోంది. ఆమె కోడలిని నేను, పక్కన రాట్నం తిప్పుతూ పట్టు కండెలు చుడుతున్నాను.

లోపల మగ్గం గుంటలోంచి మామ నారాయణప్ప గొంతు వినిపించింది.

"ఏమే, ఈ పొద్దు గూడా కొర్రబువ్వేనా?"

"సిరిధాన్యం అనల్ల."

"సిరి లేనప్పుడు తిన్నది అది. సిరిధాన్యం ఎట్లయితాది?"

"ఫోన్లో చెప్పినారు."

ఆ మాటతో మా ఇంట్లో ఏ వాదమైనా ముగిసిపోతుంది. మాది ధర్మవరంలో నేత వీధి. ఒకప్పుడు ఇక్కడ "పెద్దలు చెప్పినారు" అంటే ఎదురుమాట ఉండేది కాదట. ఆ పెద్దలందరినీ ఫోను ఇంటికి పంపేసింది. ఫోను చెప్పిందని అత్త చక్కెర మానిపించి బెల్లం తెచ్చింది. మరుసటి వారం అదే ఫోను చెప్పిందని బెల్లమూ మానిపించింది.

"ఆ ఫోన్లో ఎవురుండారో నీకు తెల్దు," అన్నాడు మామ. "పెండ్లయినప్పట్నుంచి నేను నీ కండ్లెదురుగా ఉండా. నా మాట మాత్రం నమ్మవు."

"కండ్లెదురుగా ఉండావు కాబట్టే," అంది అత్త.

మామకు ఏ జబ్బూ లేదు. జబ్బు రాకముందే అత్త పథ్యం మొదలుపెట్టింది. ఆయన చిన్నతనంలో వరిబువ్వ పండగకే వండేవారట. మగ్గం గుంటలోకి దిగింది ఆ తెల్లటి ముద్ద కోసమే అంటాడు. పొగలు కక్కే బువ్వలో గుంట చేసి పప్పు పోసుకోవడం, దినమూ పోసుకోగలగడం, ఆయన దృష్టిలో అదే బాగుపడటం. తీరా నోటికి అందాక ఫోను లాక్కుంది.

"అప్పుడు కరువు తినిపించె, ఇప్పుడు ఫోను తినిపిస్తాంది. ఫోనంత మొండిది కరువు గూడా కాదు," అనేవాడు కంచం ముందు.

ఫోను తెచ్చిన కష్టాన్ని ఫోనుతోనే తీర్చుకోవాలని ఆయనకు తోచింది. ఆ ఉపాయం నాకొక్కదానికే చెప్పాడు.

"నువ్వు నోరు తెరవవు అమ్మాయ్, అందుకే నీకు చెప్తాండా."

మర్నాడు అత్త పెరట్లో ఉండగా బట్టలారేసే క్లిప్పు ఒకటి గొంతు మారేలా ముక్కుకు తగిలించుకుని, తన ఫోను ఒళ్ళో పెట్టుకుని, మగ్గంలోనే రికార్డు చేయడం మొదలుపెట్టాడు. చేతులు, కాళ్ళు మాత్రం ఆపలేదు. నేతగాళ్ళ ఇంట్లో మగ్గం మోత ఎవరికీ వినబడదు, ఆగితేనే వినబడుతుంది. ఆగిందంటే అత్త తొంగిచూస్తుంది. అందుకని నేస్తూనే మాట్లాడాడు.

"నమస్కారం. నేను బెంగళూరు పెద్దాసుపత్రి డాక్టరును. యాభై దాటిన మగవారు రెండు పూటలా తెల్లటి వరి అన్నమే తినవలెను. లేనిచో మోకాళ్ళలో గుజ్జు ఎండిపోవును. చెరువులు ఎండినట్లు ఎండిపోవును."

దాన్ని ఎక్కడినుంచో వచ్చినట్టు గంగాధరప్పకు పంపాడు. ఆయన మామ దోస్తు. వీధిలో అందరూ ఫార్వర్డు గంగాధరప్ప అంటారు. ఏ సందేశమైనా ముందు పంపించి తర్వాత వింటాడు. పూట గడవకముందే డాక్టరు మా వీధి గ్రూపు దాటి ఊళ్ళు పట్టుకుని పోయాడు.

రాయదుర్గం నుంచి అత్త చెల్లెలు సునంద ఫోను చేసింది. "అక్కా, బెంగళూరు డాక్టరు మొగోళ్ళకు వరిబువ్వలో నెయ్యి గూడా పొయ్యమన్నాడంట."

మామ నెయ్యి మాట చెప్పనే లేదు. అయినా ఆయన ముఖం వెలిగిపోయింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అమ్మాయ్, రాయదుర్గం దాకా పోయిందంటే ఇందులో ఏదో నిజముండాది. పొద్దున్నుంచి మోకాళ్ళు నొస్తాండాయి," అన్నాడు.

అత్త మాత్రం ఫోనును చెవికి ఆనించుకుని ఆ సందేశాన్ని మళ్ళీ మళ్ళీ విన్నది. మామ పట్టు కోసం బజారుకు వెళ్ళగానే నన్ను పిలిచి మగ్గంలో కూర్చోబెట్టింది.

"నిలపకుండా నెయ్ అమ్మాయ్."

తాను గుంట అంచున కూర్చుని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. నేను నోరు తెరవనిదాన్ని కదా, నేశాను.

మామ తిరిగొచ్చేసరికి, సునంద మీదుగా చుట్టు తిరిగొచ్చి, వీధి గ్రూపులో కొత్త గొంతు మోగుతోంది.

"నమస్కారం. నేను ఆ బెంగళూరు డాక్టరు గారి భార్యను. నేనూ డాక్టరునే. మా ఆయన చెప్పింది నిజమే గానీ సగం మరిచినాడు. ఆ వరి అన్నానికి మగవారే నీళ్ళు మోసుకొచ్చి, మగవారే వండి, మగవారే గిన్నెలు తోమవలెను. ఆడవారి చేతి వరి అన్నం మగవారి మోకాళ్ళకు విషము."

మామ ఫోనును చెవికి అదుముకున్నాడు. గొంతు వెనక టకటకమని మోత. మధ్యమధ్య మా మగ్గం తొక్కుడు చెక్క పెట్టే కిర్రు.

"ఇది దొంగ డాక్టరమ్మ," అన్నాడు.

"నీకెట్ల తెలిసె?"

"ఎనకాల మన మగ్గం..." అని ఆగిపోయాడు.

"ఊ, మన మగ్గం?"

"మన మగ్గం మాదిరి ఏదో మోగుతాంది."

"మోగదా మరి. మొగుడూ పెండ్లాలు కదా," అంది అత్త. "ఆయప్ప ఎనకాల మోగిన మగ్గమే ఆయమ్మ ఎనకాలా మోగుతాంది. ఒకే ఇల్లు."

మామ నావైపు చూశాడు. నాకు అర్జంటుగా ఒక దారం తెగింది. దాన్ని ముడివేసుకుంటూ కూర్చున్నాను.

అంతలో గుమ్మంలో గంగాధరప్ప. చేతిలో ఒక బిందె, చంకలో ఇంకొకటి.

"నారాయణన్నా, నీళ్ళ ట్యాంకరొచ్చె, రా. మా ఇంటామె బిందెలు నా చేతికిచ్చి తలుపేసుకునింది. వీధిలో మొగోళ్ళంతా ఆడనే ఉండారు. అందరం అనుకుంటాండాము, ఆ మొదటి డాక్టరు నాకొడుకు దొరికితే నాలుగు తగిలియ్యల్లని. ఎవుడంటావు?"

"బెంగళూరోడు కదప్పా," అన్నాడు మామ, ఇంటి దూలాన్ని పరీక్షగా చూస్తూ. "మనకెట్ల తెలుస్తాది."

గంగాధరప్ప వెళ్ళిపోయాడు. అత్త లోపలికి పోయి బియ్యం సంచి ఎత్తుకొచ్చి పొయ్యి పక్కన దించింది. సన్న బియ్యం, మామకు ఇష్టమైన రకం. ఎప్పుడు తెప్పించిందో నాకే తెలియదు. దాని పక్కన రెండు ఖాళీ బిందెలు పెట్టింది.

"బియ్యం ఉండాయి," అంది. "నీళ్ళే లేవు."

మామ బియ్యాన్ని చూశాడు. ఒక గుప్పెడు తీసి వాసన చూసి, గింజ కింద పడకుండా మళ్ళీ సంచిలో వేశాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. చేతికొక బిందె తీసుకుని గడప దాటి వెళ్ళిపోయాడు.