పడవ మీద పలకకూడని మాట

ఆ ఉదయం ఖోయ్ వేసుకున్న పథకం చాలా మామూలుది. తక్కువ మాట్లాడాలి, పెట్టింది తినాలి, ఎవరైనా అడిగితే కోడి ఏడాదిలో పుట్టానని చెప్పాలి. మొదటి రెండూ అతనికి అలవాటే. మూడోది మాత్రం అబద్ధం.

వాళ్ల పంచాంగంలో ఒక్కో ఏడాదికీ ఒక్కో జంతువు పేరు. అతను పుట్టింది పంది ఏడాదిలో. అతను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న మియెన్ పుట్టింది పాము ఏడాదిలో. పందీ పామూ ఒక ఇంట్లో ఇమడవని పెద్దల నమ్మకం. అందుకని మియెన్ తన ఇంట్లో చెప్పేటప్పుడు అతన్ని రెండేళ్లు పెద్దవాణ్ని చేసి, పాముతో చక్కగా పొసిగే కోడి ఏడాదిలోకి మార్చేసింది.

"నాన్న ఇలాంటివి పట్టించుకోడు. అమ్మ పట్టించుకుంటుంది. అమ్మ పట్టించుకుంటే నాన్న పట్టించుకున్నట్టే," అని ముందురోజు ఫోన్‌లో పాఠం చెప్పింది. "నీకు ముప్ఫై రెండు. మర్చిపోకు. కాస్త ముప్ఫై రెండేళ్లవాడిలా నడు."

మియెన్ తండ్రి తుయెన్ హాలాంగ్ అఖాతంలో తిరిగే యాత్రికుల పడవకు కెప్టెన్. మధ్యాహ్నం రేవు వదిలి, రాత్రి రాతి కొండల నడుమ లంగరు వేసి, మర్నాడు పొద్దున తిరిగి వచ్చే పడవ అది. భార్య థామ్ వంట చూస్తుంది, తమ్ముడు బాంగ్ ఇంజను చూస్తాడు, కూతురు మియెన్ యాత్రికులను చూసుకుంటుంది. కూతురు పెళ్లి మాట ఎత్తినప్పుడు తుయెన్ ఒకటే అన్నాడు: "ఒక ట్రిప్పు మాతో రమ్మను. పగలూ రాత్రీ పడవలో ఉండి మంచివాడిలా నటించడం ఎవడి వల్లా కాదు. దిగేటప్పుడు చెప్తాను నా మాట." ఆ మాట కోసమే టీ తోటల ఊరి నుంచి, టీ రుచి చూసి ధర కట్టే ఉద్యోగానికి సెలవు పెట్టి, ఖోయ్ జీవితంలో మొదటిసారి సముద్రం మీదికి వచ్చాడు.

యాత్రికుల భోజనాలయ్యాక ఇంటివాళ్లు పడవ వెనక భాగంలో చాప పరుచుకుని కూర్చున్నారు. మియెన్ పైన అతిథులకు గదులు చూపిస్తోంది. నడుమ అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన పెద్ద చేప. పైవైపు అయిపోయింది. కిందివైపు మెత్తటి కండ అలాగే ఉంది. చిన్నవాళ్లు పెద్దలకు వడ్డించడం మర్యాద కదా అని ఖోయ్ అన్నం తినే రెండు పుల్లలతో చేపను పట్టి, చుక్క రసం ఒలకకుండా, నేర్పుగా రెండోవైపుకు తిప్పాడు. పెద్ద ముక్క తీసి కెప్టెన్ గిన్నెలో పెట్టాడు.

తుయెన్ తన పుల్లలు కింద పెట్టేశాడు. బాంగ్ నమలడం ఆపాడు. థామ్ గిన్నె పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

పడవలో బతికేవాళ్లెవరూ పళ్లెంలో చేపను తిప్పరు. పైవైపు తిన్నాక ముల్లు తీసి పక్కన పెట్టి, కిందివైపు తింటారు. చేప తిరగబడితే పడవా తిరగబడుతుందని వాళ్ల భయం. ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్ల మీద ఉండగా 'తిరగబడటం' అనే మాటను ఎవరూ నోటితో అనరు. కాబట్టి ఖోయ్ చేసిన తప్పేమిటో అతనికి చెప్పాలంటే ఆ మాట అనాలి, అనడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు.

"మీది ఏ ఊరన్నారు?" అన్నాడు తుయెన్ చివరికి.

"థాయ్ న్గుయెన్ వైపండీ. టీ కొండలు."

"అటు నీళ్లు లేవా?"

"చెరువులున్నాయండీ."

"చెరువులు," అన్నాడు తుయెన్ తమ్ముడి వంక చూస్తూ. బాంగ్ తల పంకించాడు, అంతా అర్థమైనట్టు.

"వదినా, ఆ పళ్లెం తీసెయ్," అన్నాడు.

భోజనం అక్కడితో ముగిసింది. మియెన్ కిందికి వచ్చేసరికి బాంగ్ ఆమెను ఇంజను గదిలోకి పిలిచి ఏదో గుసగుసలాడాడు. ఆమె పాలిపోయిన మొహంతో బయటికొచ్చి ఖోయ్‌ను తాళ్ల చాటుకు లాగింది.

"నాన్న ఎదుటే చెయ్యాలా అది?"

"ఏది?"

"ఏదంటే ఎలా చెప్పను? ఇక్కడ ఆ మాట ఎత్తకూడదు. ఒడ్డెక్కాక చెప్తాను. నువ్వూ ఎవరితో అనకు."

"మీ అమ్మకి కూడా తెలిసిపోయిందా?"

"అందరూ కళ్లారా చూశారుగా," అని ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఖోయ్ స్నానాల గదిలోకి వెళ్లి అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. ముప్ఫై రెండేళ్ల మొహంలా అతనికి కూడా కనిపించలేదు. మనిషిని కళ్లారా చూసి పుట్టిన ఏడాది పట్టేశారంటే వీళ్లు సామాన్యులు కారు అనుకున్నాడు. ఇక ఆ సాయంత్రం ఎవరు తనవైపు చూసినా, వాళ్లు తనలో పందిని చూస్తున్నట్టే తోచింది. వాళ్లకేమో అతను దేన్ని ముట్టుకున్నా గుండె గుభేలుమంటోంది.

ఎలాగైనా మంచి చేసుకుందామని అతను తెచ్చిన టీ పొట్లం విప్పి, స్వయంగా కాచి, థామ్‌కి ఇచ్చాడు. టీ బావుంది. ఆమె కళ్లలో ఆ సంగతి కనిపించింది కూడా. కానీ తాగడం అవగానే ఖోయ్ ఉద్యోగపు అలవాటుకొద్దీ కప్పులన్నీ కడిగి బల్ల మీద వరసగా బోర్లించాడు. థామ్ ఉలిక్కిపడి ఒక్కొక్కటే వెల్లకిలా పెట్టింది. పెద్దావిడకు శ్రమ ఎందుకని ఖోయ్ మళ్లీ బోర్లించాడు. ఆమె మళ్లీ సరిచేసింది. ఇద్దరూ మర్యాదస్తులు కావడం వల్ల ఇది కాసేపు సాగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న బాంగ్ వంటగదిలోకి వెళ్లి, కీడు పోగొట్టడానికి నీళ్లలో చల్లే దోసెడు బియ్యం, దోసెడు ఉప్పు తీసుకుని పడవ ముక్కు వైపు నడిచాడు.

అయినా థామ్ మంచి మనిషి. మధ్యాహ్నం అతను అన్నం మధ్యలో లేచిపోయాడని గుర్తుంచుకుని, ఎవరూ చూడకుండా ఒక గిన్నెడు అన్నం, వేరుశనగ పొడి తెచ్చి అతని పక్కన పెట్టి వెళ్లింది. అనుమానం ఉన్నా ఆకలిని మాత్రం ఆమె అనుమానించలేదు. చేప మాత్రం పెట్టలేదు.

ఆ ట్రిప్పులో యాత్రికులంతా ఆడవాళ్లే. నామ్ దిన్ బట్టల మిల్లులో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్ల నాయకురాలు కువే మిల్లులో ఉన్నంతకాలం నేసిన గుడ్డలో లోపాలు పట్టే పని చేసింది. లోపం లేని గుడ్డ ఉండదని ఆమె అభిప్రాయం. బాంగ్ బియ్యం, ఉప్పు నీళ్లలో చల్లుతూ పెదాలు కదపడం ఆమె చూసింది. కెప్టెన్ లైఫ్ జాకెట్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టడం చూసింది. తిన్నగా ఖోయ్ దగ్గరికొచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు వీళ్ల మనిషివేగా అబ్బాయ్?"

"ఇంకా కాలేదండీ. ఇక అవుతానన్న ఆశ కూడా లేదు."

"ఏదో జరిగింది. మా దగ్గర దాస్తున్నారు."

"ఒడ్డు చేరేదాకా ఎవరూ ఎత్తకూడదన్నారండీ."

"అంటే ఉందన్నమాట."

ఖోయ్‌కి అబద్ధమాడటం ఆ రోజుకి చాలనిపించింది. "ఉందండీ."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ అండీ. దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"తెలిసీ తీసుకొచ్చారా?"

"మియెన్‌కి తెలుసు. తనే దాచమంది."

కువే లేచి నిలబడింది. "మొహం చూస్తే పాపం అమాయకురాలిలా ఉంది," అంటూ మెట్లెక్కింది.

రాత్రి భోజనానికి గంట కొట్టగానే యాత్రికులంతా నారింజ రంగు లైఫ్ జాకెట్లు బిగించుకుని వరసగా దిగివచ్చారు. జాకెట్ల లావుకి ఇద్దరు కూర్చునే చోట ఒక్కరే పట్టారు.

"బామ్మగారూ, భోజనానికి ఇవి అక్కర్లేదండీ," అంది మియెన్.

"తెలుసమ్మా. మాకు ఇలాగే బావుంది. చలిగా కూడా ఉంది," అంది కువే, ఆమెను ఎగాదిగా చూస్తూ. "నువ్వెందుకు వేసుకోలేదు? ఈత వచ్చా?"

వంటగది కిటికీలోంచి ఇది చూసిన బాంగ్ పరిగెత్తుకెళ్లి అన్నకు చెప్పాడు. తుయెన్ కిందికి వచ్చి ఖోయ్‌ను ఒక మూలకు పిలిచాడు.

"మీరు వాళ్లతో ఏమన్నా అన్నారా?"

"నేనై అనలేదండీ. ఆవిడ అడిగితే ఉందన్నాను."

"ఏముందని?"

"అదేనండీ. మీ అందరికీ తెలిసిందే."

"నీళ్ల మీద ఉండగా అన్నారా?"

"ఇక్కడే, ఈ బల్ల దగ్గరే అన్నానండీ."

తుయెన్ పక్కనే ఉన్న తాడు చుట్ట మీద కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో పడవ, దీపాలు వెలిగించుకుని, కొండ మలుపులోంచి వచ్చింది. "అదుగో, పిలవండి," అంది కువే. మిల్లు ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచి కుడివైపు కటకటాల దగ్గరికెళ్లి చేతులు ఊపసాగారు. ఆ పడవలోని వాళ్లు సంతోషించి వీళ్లకు తిరిగి చేతులు ఊపారు. ఇక్కడ పడవ కుడివైపుకు ఒరిగింది. బల్లల మీది గిన్నెలు నింపాదిగా కుడివైపు ప్రయాణం కట్టాయి.

తుయెన్ నోటికి వచ్చిన ఒక్క మాటా అనకూడనిది. "ఇటు రండి తల్లీ, అందరూ ఇటు," అని మాత్రం అనగలిగాడు. అందరూ అటు వచ్చారు. పడవ కూడా వచ్చింది. గిన్నెలు వెనక్కి బయల్దేరాయి. "అటు, అటు," అన్నాడు బాంగ్. "నీ తమ్ముడు అటంటాడు, నువ్వు ఇటంటావు, ఇంతకీ ఎటు మునుగుతుందో ముందు తేల్చుకోండి," అంది ఒకావిడ జాకెట్‌లోంచి.

ఖోయ్ ఇదంతా చూశాడు. తను పుట్టిన ఏడాది వల్ల ఒక పడవకు పడవే ఊగిపోతోంది. ఇక ఉండబట్టలేక నడుమ ఉన్న బల్ల ఎక్కి నిలబడ్డాడు.

"నేను కోడి ఏడాదిలో పుట్టలేదండీ," అన్నాడు. "పంది ఏడాదిలో పుట్టాను. నాకు ముప్ఫైయే. మియెన్‌ది పాము ఏడాదని తెలిసి కూడా అబద్ధం చెప్పాను. తప్పు నాది. ఆమెను ఏమీ అనకండి. నన్ను ఏ కొండ దగ్గర దింపినా దిగిపోతాను."

కువే కటకటాలు వదిలి రెండడుగులు ముందుకు వేసింది.

"పందీ పామూనా?"

"అవునండీ."

"పెళ్లికా?"

"అందుకేనండీ వచ్చాను."

మునిగే పడవ సంగతి ఎవరికైనా విసుగొస్తుంది గానీ, నిలిచిపోయేలా ఉన్న పెళ్లి సంగతి ఎవరికీ విసుగు రాదు. ఆడవాళ్లంతా ఆమె వెనకే బల్ల చుట్టూ చేరారు. వెనకున్నవాళ్లు వినబడక ఇంకా దగ్గరికి జరిగారు. పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి, తన బరువంతా నడుమకు వచ్చిందని గ్రహించి, నిటారుగా నిలబడింది.

"పందేమిటి?" అన్నాడు తుయెన్.

"నేనండీ."

"అది ఎవరడిగారు మిమ్మల్ని?"

ఖోయ్ ఆలోచించాడు. "ఎవరూ అడగలేదండీ."

థామ్ గరిటెతోనే వంటగదిలోంచి వచ్చింది. "ముప్ఫై రెండన్నావుగా?"

"అది కోడికమ్మా."

మియెన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. థామ్ కూతుర్ని చూసింది, ఖోయ్‌ను చూసింది. ఆమె ఏదో అనబోయేలోగా కువే జాకెట్ ముడి విప్పుతూ అందుకుంది.

"మా ఆయనది పంది. నాది పాము. మావాళ్లు నెత్తీనోరూ కొట్టుకున్నారు, కలిసుండలేరే అని. వాళ్లన్నదే నిజం. పెళ్లైన మర్నాడు మొదలుపెట్టి రోజూ పోట్లాడుకున్నాం. పోయినేడాది ఆయన పోయాడు." ఆమె జాకెట్‌ను బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు పొద్దున్నే లేస్తే అనడానికి మనిషి లేడు. అందుకే వీళ్లందర్నీ పోగేసుకుని ఊళ్లు తిరుగుతున్నా. వీళ్లు తిరిగి ఒక్క మాట అనరు."

"అంటే నువ్వు ఊరుకుంటావా," అంది వెనకనుంచి ఎవరో.

థామ్ గరిటె దించింది. "ఒక్క రోజు అబద్ధం మొయ్యలేకపోయాడు," అంది మొగుడితో. "వీడు మన పిల్లని ఏం మోసం చేస్తాడండీ?"

"మొయ్యలేక పడవంతా ఊపేశాడు," అన్నాడు తుయెన్. "దిగేటప్పుడు చెప్తానన్నాను. అప్పుడే చెప్తాను." ఆపైన ఆ సంగతి ఎవరూ కదపలేదు. మిల్లు ఆడవాళ్లు మాత్రం పడుకునేదాకా ఖోయ్‌ను నడుమ కూర్చోబెట్టుకుని, అతని జీతం, తల్లిదండ్రుల ఆరోగ్యం, పళ్ల వరస అన్నీ విచారించారు.

పొద్దున పొగమంచులోనే రేవు వచ్చింది. మియెన్ రోజూలాగే అందరికన్నా ముందు ఒడ్డు మీదికి దూకింది. తలొంచుకుని సంచితో దిగిన ఖోయ్ చొక్కా పట్టుకుని, రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయని చూసుకుని, చెవిలో అసలు సంగతి చెప్పింది.

"చేపా?" అన్నాడు ఖోయ్.

"కప్పులు కూడా."

"మరి నా ఏడాది?"

"నాన్నకి అనుమానమే రాలేదు. నిన్ను చూడగానే, మెడ సాచి నడుస్తున్నాడు, అచ్చం కోడే అన్నాడట."

ఖోయ్ పడవ వైపు చూశాడు. చుక్కాని గది కిటికీలోంచి తుయెన్ అతన్నే చూస్తున్నాడు. పక్కన థామ్, వెనక మెట్ల మీద మిల్లు ఆడవాళ్లు, అందరూ ఊపిరి బిగపట్టుకుని ఉన్నారు. ఇంకా తాడు కట్టని పడవ మెల్లగా ఒడ్డును తాకుతూ కదులుతోంది.

"ఒరేయ్ ఖోయ్," అని కేకేశాడు తుయెన్. "మీ వాళ్లని ఎప్పుడు తీసుకొస్తావో తర్వాత మాట్లాడదాం గానీ, కబుర్లాపి ముందు ఆ తాడు పట్టుకో."

"పట్టుకున్నాను మావయ్యా," అని ఖోయ్ ఎంతో శ్రద్ధగా పక్క పడవ తాడు పట్టుకున్నాడు.