కృపానందం మాస్టారి మడత తుపాకి

మాచర్ల బండి నడికుడి స్టేషన్లో పదిన్నరకు ఆగుతుంది. ఆలోగా ఇల్లు ఊడ్చి, పప్పులో గోంగూర వేసి, తుపాకి తుడిచి గోడకు తగిలించి, భార్య రాజమ్మకు ఎదురెళ్లాలని కృపానందం మాస్టారు తెల్లవారుజామునే అనుకున్నాడు.

అది నలభై ఎనిమిది వేసవి. కృష్ణ అవతల నైజాం వైపు గొడవలు. ఇవాళో రేపో రజాకార్లు ఏరు దాటుతారని రోజుకొక కబురు. బడికి సెలవులివ్వగానే రాజమ్మ నరసరావుపేట పుట్టింటికి వెళ్లిపోయి, అక్కణ్నుంచి కార్డు రాసింది: "ఏటి ఒడ్డున ఉత్త చేతులతో కూచునే ఇంటికి నేను రాను. ఇంట్లో రక్షణ ఏదన్నా ఉంటే రాయండి."

ఐదు వారాలు చేతివంట తిన్నాక మాస్టారికి రక్షణ మీద గట్టి నమ్మకం కుదిరింది. కచేరీల చుట్టూ తిరిగి లైసెన్సు సంపాదించాడు. మద్రాసు వెళ్లి ఒంటి గొట్టం తుపాకి కొని, ఆ సంగతి రాజమ్మకు రాశాడు. మీట నొక్కితే గొట్టం కర్ర పిడి కిందికి ముడుచుకుని చేతిసంచిలో పడుతుంది. ఇంటి కాపలాకు ఇంతకన్నా అనువైంది లేదని కొట్టువాడు చెప్పాడు. మాస్టారు దాన్ని పేల్చి చూసింది లేదు గానీ, మడవడం మాత్రం బాగా వచ్చింది.

అరుగు మీద కూర్చుని నూనె గుడ్డతో తుడుస్తుంటే ఎదురింటి కోటేశ్వరమ్మ ఆగింది.

"ఏంది అబ్బాయ్ అది? గొడుగా?"

"తుపాకి, అత్తా." ఠక్కున విప్పి చూపించాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ మూడడుగులు ముందుకు వచ్చింది. "మంచి పని చేశావయ్యా. నా తలుపుకి గడియ కూడా సరిగ్గా పడదు. నా పెట్టె ఒకటి నీ కాడ పెట్టుకో, నీకు పుణ్యముంటది."

ఒక ఆడమనిషి తనను నమ్మి సొత్తు అప్పగిస్తోందంటే మాస్టారి ఛాతీ పొంగింది. తుపాకిని మడిచి లోపల బల్ల మీద పెట్టి, పెట్టె పట్టడానికి తనే వెళ్లాడు.

ఆ మాట బావి దగ్గరికి చేరేసరికి, ఊరి సొత్తు కాయమని సర్కారు వారే మాస్టారికి తుపాకి ఇచ్చారన్నంత అయింది. ముందు ఇత్తడి బిందెలు వచ్చాయి. తర్వాత పట్టుచీరల పెట్టెలు, పందిరి మంచం, మిరపకాయల బస్తాలు వచ్చాయి. ఒకాయన పాడిమేకను గుంజకు కట్టి, గడ్డి సంగతి చెప్పి మరీ వెళ్లాడు.

"ఇది సర్కారుది కాదురా, నా సొంతం!" అని మాస్టారు మొత్తుకున్నాడు.

"సొంతమైతే ఇంకా జాగర్తగా చూస్తారుగా!" అని బస్తా దించారు.

ఇక ఎవరినీ రానివ్వకూడదనుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు దర్జీ చాంద్ బాషా కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వెనక బస్తాలు మోస్తున్న వాళ్లు గుసగుసలాడారు.

"నీకేం భయమయ్యా బాషా?" అన్నాడు మాస్టారు.

"అదే అందరూ అంటున్నారు మాస్టారూ. ఏటవతలోళ్లొస్తే ఎవరిదని అడిగి ఎత్తుకుపోరుగా. వాళ్లు రాకముందే ఇవతలోళ్లు నన్నో రకంగా చూస్తన్నారు. నాకు రెండు భయాలు."

మాస్టారు పక్కకు జరిగాడు. మిషను లోపలికి వెళ్లింది. ఇతనికి తీసిన తలుపు మిగతావాళ్లకు ఎలా మూస్తాడు?

పదిన్నర బండి కూత వేసి వెళ్లిపోయింది. గోంగూర కట్ట కట్టలాగే వాడిపోయింది. కాసేపటికి రాజమ్మ తనే కూలివాడి నెత్తిన పెట్టె పెట్టించుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపల అడుగు పెట్టే చోటు లేదు. మిరపఘాటుకు మాస్టారు తుమ్ముతున్నాడు. మేక రాజమ్మ రాసిన కార్డు నములుతోంది.

"తుపాకి ఏదండీ?"

"ఆ బల్ల మీద."

"బల్ల ఏదీ?"

మాస్టారు బస్తాల కొండ వైపు చూపించాడు. మడిస్తే చిన్నదయ్యే వస్తువు కదా, ఎక్కడుందో బయటికి కనబడడం లేదు. తూటాలు దాని వెనక అలమారులో ఉన్నాయి.

"దొంగలొస్తే కాస్త ఆగమని చెప్పి బస్తాలు దించుతారా?"

"రాజమ్మా, నువ్వు రావాలనే కదా..."

"అందుకే వచ్చాను." ఆమె గొంతు మెత్తబడింది. "కానీ చూడండి. పొద్దున దాకా మనింట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది? ఇప్పుడు ఊరంతా ఇక్కడే ఉంది. ఎవడన్నా వస్తే ఇంకో గుమ్మం తొక్కుతాడా?"

రాజమ్మ వీధి దాటి కోటేశ్వరమ్మ ఇంట్లోకి తొంగి చూసింది. రెండు కుండలు, ఒక చాప ఉన్నాయి.

"పిన్నీ, మీ ఇంట్లో ఉంటాను. ఈ ఊళ్లో ఇంత భద్రమైన ఇల్లు ఇంకోటి లేదు."

"ఉండమ్మా, నాకూ తోడు."

"మరి నేనో?" అన్నాడు మాస్టారు వీధి మధ్యకు వచ్చి.

"లైసెన్సు మీ పేరనేగా ఉంది? దాన్ని వదిలి ఎట్లా వస్తారు? అన్నం ఆడకి పంపిస్తాలెండి."

ఏటవతల నుంచి ఆ వేసవంతా ఎవరూ రాలేదు. ఊళ్లో తలుపు గడియ పెట్టుకుని పడుకున్నది మాత్రం తుపాకి ఉన్న మనిషి ఒక్కడే.